పలకరింతలమ్మ బండ

రాళ్లపాయ కనుమ దాటి వచ్చే దారి పక్కన, చెట్టూ చేమా లేని నల్లబండ మీద శ్రీ పలకరింతలమ్మ వారు వెలసి ఉన్నారు. అమ్మవారి చేతుల్లో ఏ ఆయుధమూ లేదు. ముఖం దారి వైపు తిరిగి ఉంటుంది. పెదవులు కొద్దిగా తెరిచి ఉంటాయి. అవి ఎందుకు తెరిచి ఉన్నాయో భక్తులు నిదానంగా వినాలి.

పూర్వం ఇక్కడ ఎదురుపడిన వారిని "తింటివా?" అని, అంటే తిన్నావా అని పలకరించేవారు. అవతలివారు "తింటి, నువ్వో?" అని తిరిగి అడగాలి. లేదన్నవారిని ఇంటికి పిలుచుకుపోయి పెట్టాలి. అది ఊరి మర్యాద. ఇంతలో కరువు వచ్చింది. పెట్టలేనివారికి అడగాలంటే భయం పుట్టింది. ఎదురుగా మనిషి కనబడితే చాలు, ఒకడు కాలిలో లేని ముల్లు తీసుకునేవాడు, ఇంకొకడు ఆకాశంలో లేని మబ్బు వెతికేవాడు.

ఈ బండ మీద గుడిసెలో ఉండే ఓబుళవ్వ మాత్రం అందరినీ అడిగేది.

"లేదంటే ఏం పెడతావవ్వా, ఈ బండ పెడతావా?" అని కుర్రకారు ఎగతాళి చేసేవారు.

"నా పక్కన చోటు పెడతా, కూచో నాయనా" అనేది అవ్వ.

ఒకనాటి సాయంత్రం గొర్రెల కాపరి బయన్న, ఎక్కడో దొరికిన ఒక్క రాగిసంగటి ముద్దను కూతురి కోసం కంబళిలో దాచుకుని అటుగా వచ్చాడు.

"తింటివా నాయనా?" అంది అవ్వ. గొంతు పీలగా ఉంది.

తినకపోయినా "తింటి అవ్వా" అన్నాడు. "నువ్వో?" అనే మాట నోటిదాకా వచ్చింది. లేదంటే ముద్ద పంచాలి గదా అని ఆ మాట మింగి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆ ముద్దతో బిడ్డ బతికింది. తెల్లవారి బయన్న వచ్చి చూస్తే, అవ్వ దారి వైపు చూస్తూ కూర్చున్నది కూర్చున్నట్టే ప్రాణం విడిచి ఉంది. జవాబు కోసం ఆగినట్టు పెదవులు తెరిచే ఉన్నాయి.

అది మొదలు బయన్నకు ముద్ద గొంతు దిగలేదు. చివరికి అవ్వ కలలో కనబడి, "బిడ్డకు పెట్టుకుంటివి, మంచిపనే చేస్తివి. నువ్వో అని అడిగింటే నేనూ తింటిననే చెప్పిందును కదా నాయనా! ఇకమీదట ఎవరన్నా నిన్ను అడిగినాకనే తిను" అని ఆనతిచ్చింది. అవ్వ కూర్చున్న చోటనే బయన్న ఈ విగ్రహాన్ని నిలిపాడు.

నేటికీ ఇక్కడ మొక్కుకు ముందు "తింటి తల్లీ, నువ్వో?" అని అమ్మవారిని అడగాలి. పిదప పక్కనున్నవారిని అడిగి, జవాబు వినేదాకా ఆగాలి. అలా అడిగినవారి ఇంట పొయ్యి చల్లారదని నమ్మకం.

పూజారులు బయన్న వంశస్థులు. భక్తులలో ఎవరో ఒకరు "తింటివా అన్నా?" అని అడిగేవరకు వారు మెతుకు ముట్టరు. జాతరనాడు కొండంత జనం వచ్చి, దండం పెట్టి, చెప్పులు వెతుక్కునే తొందరలో దిగిపోతారు. అటువంటి రోజుల్లోనే పూజారి గుడి తలుపు వేసి పస్తుతో ఇంటికి పోవడం జరుగుతూ ఉంటుంది.