వెయ్యని తాళం

పన్నెండేళ్లు సేవ చేసినా, వేరే ఊళ్లో సొంతంగా కూర్చుని జనానికి నయం చేయడానికి గురువు లతీఫ్ షా తనకు అనుమతి ఎందుకివ్వడం లేదో దస్తగిరికి అంతుపట్టలేదు.

వాళ్ల దర్గాకు మనసు చెదిరినవాళ్లను తీసుకొస్తారు. వచ్చిన రోజు బంధువులు అక్కడి ఇనుప జాలీకి ఒక చిన్న తాళం వేస్తారు. మనిషి కుదుటపడ్డాక ఆ తాళం తీసి, నయం చేసినవారి చేతిలో పెట్టి వెళ్తారు. దస్తగిరి దగ్గర అలాంటివి అరవై ఒకటి ఉన్నాయి. తాడుకు గుచ్చి తన గదిలో వేలాడదీశాడు. గాలికి అవి గలగలమంటే అతనికి కడుపు నిండినట్టుండేది.

గురువు గది గోడ మాత్రం బోసిగా ఉండేది. పైగా రోజూ సాయంత్రం నమాజు కాగానే ఆయన వంటింట్లోకి వెళ్లి, వంట చేసే ఖాసింబీ ఎదురుగా కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేవాడు. ఆమె తన మేకల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పేది. ఆయన ఊఁ కొట్టేవాడు.

ఒకరోజు దస్తగిరి ఉండబట్టలేక అడిగాడు. "హజ్రత్, ముంగిట్లో ఇరవైమంది ఎదురుచూస్తున్నారు. ఖాసింబీకి ఏం జబ్బు?"

"ఏమీ లేదు."

"మరి?"

"రేపట్నించి నువ్వు పోయి ఏరు. ముంగిలి నేను చూసుకుంటా. పదిరోజులయ్యాక ఆమె ఎట్లుందో వచ్చి చెప్పు. అనుమతి సంగతి అప్పుడు మాట్లాడదాం."

దస్తగిరి ఏరాడు. చేతులు చాటలో ఉన్నాయి గానీ మనసంతా ముంగిట్లోనే. పదోరోజు వచ్చి చెప్పాడు.

"బానే ఉంది హజ్రత్. మొదట్లో చెవులు తినేసింది. నాలుగు రోజులుగా నోరెత్తడం లేదు, నాకూ హాయిగా ఉంది. ఇవాళైతే రాళ్లు చాటలో ఉంచి బియ్యం పారేస్తోంది. నవ్వొచ్చింది."

లతీఫ్ షా లేచాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

వంటింట్లో పొయ్యి వెలగలేదు. ఖాసింబీ పెరట్లో బావి గట్టు మీద కూర్చుని లోపలికి చూస్తోంది. చేద పక్కన పొడిగా పడుంది. వెనకే వచ్చిన దస్తగిరికి ఆ చూపు కొత్త కాదు. ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాడు, తాళం పడ్డాక, జాలీ పక్కన.

గురువు వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఏమైందమ్మా?"

ఆమె బావిలోకి చూస్తూనే చెప్పింది. "ఆదోనిలో మా చెల్లెలు పోయింది సామీ. కబురొచ్చి నాలుగు రోజులైంది. నేను పోతే నూరుమందికి అన్నం ఎవురు వండేది? ఎవరికన్నా చెప్పుకుందామనే చాట ముందు కూర్చుంటి. ఎవురూ అడగల్యా."

అప్పుడు ఏడ్చింది. గురువు ఏడవనిచ్చాడు. దస్తగిరి తల దించుకుని లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించాడు. ఆ పూట అన్నం మాడింది. నూరుమందీ మాట్లాడకుండా తిన్నారు.

ఆమెను ఆదోని పంపారు. పదిహేను రోజులకు తిరిగొచ్చి, దస్తగిరి పాడుచేసిన గిన్నెలు చూసి తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు వింటుంటే అతనికి కళ్లు చెమ్మగిల్లాయి.

"ఖాసింబీ కుదుటపడింది హజ్రత్," అన్నాడు గురువుతో.

"తాళం ఏదీ?"

"వెయ్యలేదు కదా."

లతీఫ్ షా అతని ముఖంలోకి చూసి చిన్నగా నవ్వాడు. "ఇంక పో. నీకిష్టమొచ్చిన ఊళ్లో కూర్చో."

దస్తగిరి ఆ రోజు బయల్దేరలేదు. సాయంత్రం నమాజు కాగానే వంటింట్లోకి వెళ్లాడు. తన అన్నను దర్గాకు తీసుకొచ్చి, చేతిలో తాళంతో నిలబడిన ఒకాయన గుమ్మంలోంచి తొంగి చూశాడు.

"అయ్యా, మీకోసమే వచ్చినాం. లోపల ఎవరికి బాగలేదు?"

"ఎవరికీ ఏమీ లేదు. ఒక్క ఘడియ కూర్చోండి, వస్తా," అంటూ దస్తగిరి చాట దగ్గరికి లాక్కున్నాడు. "ఊఁ, చెప్పు ఖాసింబీ. మోకాళ్లెట్లున్నాయి?"