సూరన్న మర్యాద, నాగమణి ఆవకాయ

తెలివిని పొట్లాలు కట్టి అమ్మితే ఊరంతా తమ గుమ్మం ముందే వరస కడుతుందని సూరన్న నమ్మకం. భార్య అచ్చియమ్మదీ అదే నమ్మకం. అలాంటి మొగుడూ పెళ్ళాలు బ్యాంకాక్‌లో దిగారు. అక్కడ కాపురం ఉంటున్న కూతురు నాగమణికి ఏడో నెల. ముద్ద దిగడం లేదు, ఆవకాయైతే తింటానని ఫోనులో ఒకటే ఏడుపు. అందుకని జాడీ తెచ్చారు. తడి తగిలితే ఆవకాయ బూజు పట్టిపోతుంది కదా, సూరన్న దాన్ని చంటిపిల్లలా ఎత్తుకున్నాడు.

అల్లుడు ముందే ఫోనులో చెప్పాడు. "మామయ్యగారూ, దాహమేస్తే చేతులు జోడించి నవ్వుతూ 'ఖో నామ్ నోయ్ ఖ్రాప్' అనండి. కాసిని మంచినీళ్ళు ఇప్పించండి అని. ఇక్కడ మర్యాదంటే ఇదే."

మర్యాదంటే ఇదే! సూరన్న ఆ ముక్క గట్టిగా పట్టుకున్నాడు.

ఆ రోజు అక్కడ కొత్త సంవత్సరం పండగ. వీధిలో అందరూ అందరి మీదా నీళ్ళు పోసుకుంటున్నారు. ఒకావిడ చెంబుతో ఎదురొచ్చింది.

"ఏవయ్యా, జాడీ! పొయ్యొద్దని చెప్పు!" అంది అచ్చియమ్మ.

"మర్యాదగా చెప్పాలి కదటే!" సూరన్న జాడీ కింద పెట్టి, చేతులు జోడించి, నవ్వుతూ "ఖో నామ్ నోయ్ ఖ్రాప్" అన్నాడు. ఇంకేముంది, చెంబెడు నీళ్ళు నెత్తిన పడ్డాయి.

"మర్యాద చాలలేదే" అని ఈసారి నడుం వంచి అడిగాడు. అంతే, బకెట్టు! మూడోసారి రోడ్డు మీద సాష్టాంగపడి అడిగాడు. పాపం పెద్దాయనకి ఎంత దాహమో అని ఎవరో నీళ్ళ గొట్టమే ఆయన మీదికి తిప్పేశారు. అచ్చియమ్మ మాత్రం పొదిగే కోడిలా జాడీ మీద కూర్చుని కదల్లేదు.

ఎలాగో ఇల్లు చేరారు. నాగమణి ఆత్రంగా మూత తీసింది. లోపల తడి లేదు. ఆ వాసనకే కూతురికి కళ్ళనీళ్ళొచ్చాయి. అవి జాడీలో పడతాయని అచ్చియమ్మ పిల్ల తల పక్కకి తిప్పేసింది.

అప్పుడే పక్కింటి అమ్మాయి వెండిగిన్నెలో మల్లెపూలు వేసిన నీళ్ళు తెచ్చింది. పండగనాడు పెద్దల చేతుల మీద నీళ్ళు పోసి దీవెనలు తీసుకోవడం అక్కడి ఆచారం.

"నాన్నా, చేతులు చాపు" అంది నాగమణి.

చాపమంది, చాపాడు. ఎక్కడ చాపాలో చెప్పలేదు కదా! ఎదురుగా మూత తీసిన జాడీ ఉంది. ఆ అమ్మాయి భక్తిగా గిన్నె వంచింది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి, పూలతో సహా, ఆవకాయలోకి దిగాయి.

నాగమణి బావురుమంది. "చుక్క పడినా పాడైపోతుందే, అయ్యయ్యో!" అని అచ్చియమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఊరుకోండే, తెలివితక్కువ మాటలు!" సూరన్న తీరిగ్గా చేతులు తుడుచుకుని మూత బిగించాడు. "చుక్క పడితే కదా భయం? పడింది గిన్నెడు!"