పంటినొప్పికి ఉపన్యాసం

సంతలో ఏ వైద్యుడి కొట్టు ముందుండాలో పెత్తందారు భుజంగరాయుడు తేల్చేవాడు. మొన్నటిదాకా పెద్ద జెండా కట్టినవాడిది ముందు. ఇప్పుడు మందు గురించి ఎక్కువసేపు మాట్లాడేవాడిది ముందు. వైద్యులంతా మందు నూరే కల్వాలు పక్కన పడేసి గొంతులు చించుకుంటున్నారు. మాట్లాడకుండా మందిచ్చి పంపే అంకమ్మ కొట్టు పేడకుప్పల పక్కకు పోయింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఓరోజు రాయుడికి పన్ను సలిపింది. ముందువరస వైద్యుల ఉపన్యాసాలు వినేసరికి దవడ బూరెలా పొంగింది. అంకమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

“లవంగనూనె ఉంది దొరా. లవంగమనగా ఒక చెట్టు మొగ్గ. ఆ చెట్టు పుట్టిన దేశమేదనగా...”

“నోరు మూసుకుని మందియ్యవే!”

అంకమ్మ నూనెలో ముంచిన దూది ఎత్తి పట్టుకుంది. “ఇన్నాళ్లూ నేను చేసింది అదే కదా దొరా! ఆ మాటే దండోరా వేయించండి, పంటి కింద పెడతాను.”

రాయుడి సైగతో ఆ క్షణమే సంతలో డప్పు మోగింది.