ఈక రాల్చని చిలక

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి బలం ఉంది. నడిమివాడికి చదువు ఉంది. మూడోవాడు సుముఖుడికి ఓర్పు ఉంది. పొద్దున అద్దం ముందు నిలబడ్డాడంటే భోజనానికి పిలిచేదాకా కదలడు. అంత ఓర్పు తమ వంశంలో ఇంకెవరికీ లేదని అతను వినయంగా ఒప్పుకునేవాడు.

మీసం మొలిచే ఈడు రాగానే ఆ ముఖం నిండా మొటిమలు లేచాయి. అయినా ఓర్పు తగ్గలేదు. పెరిగింది.

ఆ కోటలో అంతకంటే పెద్ద దిగులు ఒకటుంది. సుముఖుడు పుట్టినప్పుడు, బారసాల నాటికి తల్లి మాలినీదేవి బుగ్గల మీద మంగు కమ్మింది. కాన్పయిన ఆడవాళ్ళకి మామూలే. కానీ ఉయ్యాల దగ్గర అందరి ముందూ రాజు, "ఏమిటా మసి, ముఖాన?" అన్నాడు. అని మరిచిపోయాడు. రాణి మరవలేదు. ఏడు సముద్రాల అవతల నుంచి నిగనిగల మాంత్రికుణ్ణి పిలిపించింది.

"ఒంట్లో కనపడని ఊటలుంటాయి తల్లీ," అన్నాడు మాంత్రికుడు. "పసితనాన ఒకటి, పడుచుతనాన ఒకటి, కడుపు పండితే ఒకటి. చివరికి అన్నీ ఇంకిపోయే ఈడొకటి. ఊట మారినప్పుడల్లా చర్మం మీద దాని జాడ పడుతుంది. నేను ఊటలే కట్టేస్తాను. ఇక జాడెక్కడిది?"

కట్టేశాడు. మంగు పోయింది. దాంతోపాటు చెమట పోయింది, సిగ్గుపడితే వచ్చే ఎరుపు పోయింది, కన్నీళ్ళు పోయాయి. ఏడాదికేడాది రాణి ఒళ్ళు లక్కబొమ్మలా బిగుసుకుంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆమె ఒళ్ళో పడుకుంటే, సుముఖుడి నుదుటి మీద ఆ చెయ్యి చల్లగా, నున్నగా, వేరెవరిదో అన్నట్టుండేది. ఇప్పుడా బిగువు మెడ దాటి గుండెకేసి దిగుతోంది. గుండెకు చేరితే ఊపిరి ఆగుతుందని వైద్యుడు చెప్పాడు.

మాంత్రికుడి చేత ఊటలు విప్పిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిమివాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఇక మిగిలింది సుముఖుడు. చంకలో చిన్న అద్దం పెట్టుకుని బయలుదేరాడు.

సముద్రపొడ్డున ఒక పెద్ద పాము, సగం విడిచిన కుబుసంలో ఇరుక్కుని గిలగిల్లాడుతోంది. సుముఖుడు కూర్చుని దాన్ని మెల్లగా ఊడదీశాడు. ఓర్పుంది కదా.

"బతికించావు నాయనా. విడవాల్సినప్పుడు విడవకపోతే నా తోలే నాకు ఉరితాడు," అంది పాము. "నీ ముఖానికేమైంది?"

"ఈడు."

"పోతుందిలే. ఇంకోటి వస్తుంది."

పాము అతన్ని వీపునెక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. దారిలో సంగతంతా విని అంది: "ఆ మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. మెడ విరవాలని చూడకు, అది ఇనుము. ఋతువులు తెలియకుండా దాన్ని దీపాల గదిలో కిటికీలు మూసి పెంచుతున్నాడు. బయటి పొద్దు కంటబడితే దాని ఒంట్లోనూ ఊట కదులుతుంది. ఒక్క ఈక రాలిందా, వాడి పని సరి."

సుముఖుడు మాంత్రికుడి ఇంట ఆ దీపాల గదిలో అడుగుపెట్టాడు. గది నిండా నిలబెట్టిన బొమ్మల్లాంటి మనుషులు. అందరివీ నున్నటి ముఖాలు, ఎవరి కళ్ళలోనూ తడి లేదు. వాళ్ళలో తన అన్నలిద్దరూ ఉన్నారు. పైన పంజరంలో చిలక.

"రా నాయనా," అన్నాడు మాంత్రికుడు. వేలితో అతని చెంప తాకాడు. మొటిమలు మాయమయ్యాయి. "ఇది మచ్చుకి. ఊటలు కట్టించుకున్నావా, ఎప్పటికీ ఇంతే. మీ అన్నలు చూడగానే సరే అన్నారు."

సుముఖుడు అద్దం తీశాడు. అంతే, తల్లిని మరిచాడు, చిలకను మరిచాడు. కుడి పక్క చూసుకున్నాడు, ఎడమ పక్క చూసుకున్నాడు, గడ్డం ఎత్తి చూసుకున్నాడు.

"సరేనా?"

"ఇంకొంచెం."

"సరేనా?"

"ఈ చెవి పక్కన..."

మాంత్రికుడికి కాళ్ళు పీకాయి. "ఇప్పుడైనా సరేనా?"

"దీపాల వెలుగులో ఎవరైనా బాగానే ఉంటారండీ. ఎండలో చూసుకోవద్దూ? మీ పనితనం ఎండకు ఆగదా ఏమిటి?"

మాంత్రికుడికి రోషం వచ్చి కిటికీ రెక్క తోశాడు.

బయట కార్తీకమాసపు పొద్దు వాలుతోంది. చిలక ఆ వెలుగు చూసింది. ఒళ్ళు విదిల్చింది. పచ్చటి ఈక ఒకటి ఊగుతూ ఊగుతూ వచ్చి నేల మీద వాలింది.

మాంత్రికుడి ముఖం మీద చంటిపిల్లల పొక్కులు లేచాయి. అవి మానకముందే మొటిమలు, వాటి మీద ముడతలు, ఆపైన ఎండిన చెరువులా బీటలు. చివరికి గుప్పెడు దుమ్ము. అదంతా తన ఎత్తేనని తర్వాత సుముఖుడు చెప్పుకున్నాడు. పాము కాదనలేదు.

సుముఖుడి ముఖాన మొటిమలు మళ్ళీ లేచాయి. బొమ్మలన్నిటికీ చెమట పట్టింది. అన్నలు కదిలారు. వాళ్ళ పక్కనున్న రాజకుమారి కువలయ సుముఖుణ్ణి పరకాయించి చూసింది. "ముక్కు మీదది పండింది. గిల్లకు, గుంట పడుతుంది," అంది. ఆ మాటకే అతను మనసిచ్చేశాడు.

కోటకు చేరేసరికి రాణి బతికే ఉంది. కానీ ఆపిన ఏళ్ళన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. మంగు వచ్చింది, ఒంట్లో ఆవిర్లు వచ్చాయి, చర్మం పొడిబారి ముడతలు పడింది. రాజు గుమ్మంలోనే ఆగి, "ఎవరీ పెద్దావిడ?" అన్నాడు.

"ఆనాడు ఉయ్యాల దగ్గర కూర్చున్న మనిషినే," అంది రాణి.

అప్పుడామెకు ఏడుపొచ్చింది. అన్నేళ్ళ ఏడుపు. సుముఖుడు ఆమె ఒళ్ళో తల పెట్టాడు. చెయ్యి గరుగ్గా, వెచ్చగా ఉంది.

"నీ అద్దం ఇలా ఇవ్వరా," అంది కాసేపటికి.

"ఇప్పుడెందుకమ్మా?"

"నన్ను నేను పలకరించుకోవద్దూ?"

సుముఖుడు కువలయను పెళ్ళాడి చాలాకాలం రాజ్యమేలాడు. మొటిమలు వాటంతటవే పోయాయి; గిల్లిన చోట గుంటలు మిగిలాయి. తొలి కాన్పు తర్వాత కువలయ బుగ్గల మీదా మంగు వచ్చింది. బారసాల నాడు ఉయ్యాల దగ్గర అతను ఒక్క మాటా అనలేదు. కానీ అతని చూపు ముందు ఆ మంగు మీద ఆగి, తర్వాతే ఆమె కళ్ళను చేరింది. కువలయ తల వంచుకుని ఉయ్యాల ఊపింది.

ఏడు సముద్రాలు దాటడం నేర్చుకున్నాడు, రాజ్యమేలడం నేర్చుకున్నాడు. ఆ చూపు మార్చుకోవడం మాత్రం నేర్చుకోలేకపోయాడు.