సున్నా రాయికి చోటు

ఒక దారికి మొదలు లేదు.

దారి మాత్రం ఉంది. సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళ ఊరి దగ్గర ఒక కొస, కొండ కింద చింతతోపుల ఊరి దగ్గర ఇంకో కొస. నడుమ అరవై మైళ్ళు. తాటితోపులు దాటి, నల్లరేగడి చేలు దాటి, ఒక పెద్ద వాగులో దిగి ఎక్కి, ఎర్రనేల మీద పడి పోతుంది. బళ్ళు తిరుగుతున్నాయి, మనుషులు తిరుగుతున్నారు, పిల్లల్ని అటూ ఇటూ ఇచ్చి పుచ్చుకుంటున్నారు. కానీ దారుల కచేరీలో ఒక పెద్ద పుస్తకం ఉంది, అందులో ఆ దారి లేదు. పుస్తకంలో లేని దారికి కంకర పొయ్యరు, వాగు మీద వంతెన కట్టరు.

రోహిణి కార్తె వచ్చిన రోజున కచేరీ అధికారి రాళ్ళు పాతే ఆమెను పిలిపించాడు. సున్నా చెక్కిన రాయి ఒకటి చూపించాడు.

"దారి ఎక్కడ మొదలైందో కనుక్కుని, దీన్ని అక్కడ పాతు. సున్నా నిలబడితే తక్కిన మైలురాళ్ళన్నీ దాన్ని చూసుకుని నిలబడతాయి. మృగశిర కార్తె రోజున నేనొచ్చి చూస్తాను. చూసి పుస్తకంలో రాస్తాను."

"దొరక్కపోతే అయ్యా?"

"కాగితాలు కట్టగట్టి అటక మీద పెడతాం. అటకెక్కినవి మళ్ళీ దిగడం నేనైతే ఇంతవరకూ చూళ్ళేదు."

ఆమె కూతుర్ని వాగుకు అవతలి గట్టు మీది పల్లెలో ఇచ్చింది. వానలు పడ్డాయంటే నాలుగు నెలలు వాగు దాటనివ్వదు. కూతురు మొదటి కాన్పు వానల మొదట్లోనే వచ్చింది. తల్లి ఇవతలి గట్టున, కూతురు అవతలి గట్టున. మనవరాలిని ఈమె మొదటిసారి ఎత్తుకునే సరికి దానికి రెండు పళ్ళు వచ్చేశాయి. వంతెన ఉంటే ఆ బోసినోరు చూసి ఉండేదాన్ని గదా అని ఆమెకు ఇప్పటికీ ఒక దిగులు.

రాయిని బండికెత్తారు. ఆమె మొగుడు ఎడ్లను అదిలించాడు.

ఆమెకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటుంది. గొయ్యి తీస్తే, అడుగున ఏముందో చూడకుండా పూడ్చదు. అక్షరం ముక్క రాదు గానీ గొయ్యిని మాత్రం చదువుతుంది. గునపం వేస్తే తొక్కుడు పడిన మన్ను ఠంగుమంటుంది, ఎవరూ తొక్కని మన్ను దబ్బుమంటుంది. ఆ రెండు చప్పుళ్ళూ ఆమె నిద్రలో విన్నా చెప్పగలదు.

ముందు ఉప్పుమళ్ళ ఊరికి వెళ్ళారు. ఊరి పెద్ద రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"దీని మీద ఏం చెక్కారమ్మా?"

"సున్నా బాబూ."

"సున్నానా! మా ఊరి ముంగిట్లోనా? రేపు సంబంధానికి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? ఇక్కడేమీ లేదనుకుని బండి వెనక్కి తిప్పరూ?"

"దారికి మొదలు మీ ఊరని గదా బాబూ దానర్థం."

"మొదలు మాది కాదు. ఈ దారి కొండల నుంచి వచ్చింది. మా ముత్తాతలు ఒకనాడు పొద్దున్నే లేచి చూస్తే, చింతపండు బుట్టలతో జనం దిగి ఉన్నారట. కావాలంటే మాకు అరవై రాయి వెయ్యి. అరవై అంటే కాస్త నిండుగా ఉంటుంది."

ఆమె ఊరి బయట దారి మధ్యలో గునపం వేసి చూసింది. జానెడు లోతు ఠంగుమంది. ఆ కింద ఇసక. దారి ఇక్కడ పసిది అనుకుంది.

బండి కొండవైపు కదిలింది. మధ్యలో వాగు దాటేటప్పుడు నీళ్ళు మోకాలి బంటి ఉన్నాయి. కూతురు గట్టు మీదికి వచ్చి ఇద్దరికీ జావ పోసింది. "ఈ ఏడన్నా పని అవుతుందా అమ్మా?" అని అడిగింది. "చూస్తున్నా గదే," అంది తల్లి.

అయిదో రోజుకి చింతతోపుల ఊరు చేరారు. అక్కడ ఊరికి పెద్ద ఒక ముసలామె. రాయిని చూడగానే నవ్వింది.

"మా పిల్లలకి పలకల మీద సున్నాలు పడుతున్నాయని పంతులు రోజూ మొత్తుకుంటున్నాడు. ఇప్పుడు ఊరంతటికీ కలిపి ఒకటి పెట్టడానికొచ్చావా?"

"లేదు పెద్దమ్మా, దారి మీ దగ్గర మొదలైందేమోనని..."

"మా దగ్గరా? ఉప్పు కావిళ్ళు మోసుకుంటూ సముద్రం వాళ్ళే గదా ఈ దారిన ఎక్కి వచ్చింది! మొదలు వాళ్ళది. నీ దగ్గర అరవై రాయి ఉంటే చెప్పు, పసుపు రాసి మరీ నిలబెట్టుకుంటాం."

అక్కడా ఆమె గునపం వేసింది. జానాబెత్తెడు ఠంగుమంది. కింద రాతి చట్టు.

తిరుగు దారిలో మొగుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరవైకేమో ఇద్దరు గిరాకీ. సున్నాకి మాత్రం దిక్కులేదు. ఏం చేస్తావే దీన్ని?"

"నీ నెత్తి మీద పెడతా. రెండూ గుండ్రంగానే ఉన్నాయి."

ఆమె నవ్వలేదు. ఆమె ఆలోచనంతా ఇంకోచోట ఉంది. వీళ్ళు అటు నుంచి వచ్చిందంటారు, వాళ్ళు ఇటు నుంచి వచ్చిందంటారు. ఇద్దరి దగ్గరికీ వచ్చింది సరే, పంపిందెవరు? ఎవరూ పంపకుండా అరవై మైళ్ళ దారి ఎలా వచ్చింది?

"ఏమయ్యా, బండి ఆపు."

"ఎందుకు?"

"గొయ్యి తీస్తా."

ఎర్రనేల మీద పది మైళ్ళు వచ్చాక తీసిన గోతిలో మూరెడు లోతు తొక్కుడు మన్ను కనబడింది. ఇంకో పది మైళ్ళకి మోకాలి లోతు. పైన బండి చక్రాల గాడి, దాని కింద అరిగిపోయిన ఎద్దు నాడా, దాని కింద కుండపెంకు. అన్నిటికీ అడుగున ఏదో తెల్లగా మెరిసింది. తీసి పమిట కొంగుతో తుడిచింది. గవ్వ. కొండల కింద ఎర్రమట్టిలో సముద్రపు గవ్వ! ఆమె దాన్ని చాలాసేపు చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది.

"ఎండకి తల తిరిగిందా ఏమిటి?" అన్నాడు మొగుడు.

"లోతు పెరుగుతోందయ్యా. చూశావా, వాగు దగ్గరయ్యే కొద్దీ లోతు పెరుగుతోంది. కొసల్లో దారి పసిది, నడుమకొచ్చే కొద్దీ ముసలిదవుతోంది."

అతను నవ్వడం మానేసి తనూ పార అందుకున్నాడు.

వాగుకి అవతలి గట్టున, కూతురి పల్లె పక్కన, తొక్కుడు మన్ను ఆమె రొమ్ముల దాకా వచ్చింది. వాగు దాటి ఇవతలి గట్టున తీస్తే అక్కడా సరిగ్గా రొమ్ముల దాకానే వచ్చింది. సముద్రం వైపు ఇంకో రెండు మైళ్ళు వెళ్ళి తీస్తే నడుం లోతుకి తగ్గిపోయింది. మళ్ళీ వాగు దగ్గరికే వచ్చారు. ఆ గట్టుకీ ఈ గట్టుకీ వెంట్రుకవాసి తేడా లేదు.

ఇవతలి గట్టున పుట్టి తోసే తాత ఉన్నాడు. వాగు నిండిన రోజుల్లో, మరీ ఉరవడి లేనప్పుడు, తాడు పట్టుకుని మూటల్ని పుట్టిలో ఆ దరికి చేరుస్తాడు, మనుషుల్ని మాత్రం ఎక్కించుకోడు. ఎండాకాలం పుట్టిని బోర్లించి దాని నీడన పడుకుంటాడు. ఆమె గోతులు తీయడం పొద్దుటి నుంచీ చూస్తున్నాడు.

"ఏం పోగొట్టుకున్నావు అమ్మాయ్?"

"దారి మొదలు, తాతా."

"అదా! అడిగితే చెప్పేవాణ్ణి గదా. గునపానికి పని పెట్టావు."

మా తాతకి వాళ్ళ తాత చెప్పిన మాట ఇది అని మొదలుపెట్టాడు. ఒక ఎండాకాలం కొండవైపు నుంచి ఒకామె, నడుముకి చింతపండు మూటతో, నీళ్ళు వెతుక్కుంటూ వచ్చింది. సముద్రం వైపు నుంచి ఒకతను, తప్పిపోయిన గేదెను వెతుక్కుంటూ, పంచె కొసకి ఉప్పు కట్టుకుని వచ్చాడు. అప్పటికి దారీ లేదు, డొంకా లేదు. వాగు నడిమి బండ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఆమె దగ్గర పులుపుంది, ఉప్పు లేదు. అతని దగ్గర ఉప్పుంది, పులుపు లేదు. బండ మీదనే రెండూ కలిపి నూరుకుని నాలిక్కి రాసుకున్నారు.

"ఇళ్ళకి పోయి ఊరుకున్నారా? చెప్పారు. వారానికి అటు పదిమంది, ఇటు పదిమంది దిగారు. దారి వేసింది కాళ్ళనుకుంటావు నువ్వు. నాలుక!"

ఆమె గునపం పక్కన పెట్టింది. "గేదె దొరికిందా తాతా?"

"అది ఎవరూ చెప్పలేదే! ఇన్నేళ్ళలో నువ్వే అడిగావు."

"సరే గానీ, వంతెన వస్తే నీ పుట్టి ఏమవుతుంది?"

"నా మోకాళ్ళు పోయి మూడేళ్ళయింది. వంతెన కింద నీడలో పడుకుని, పైన పోయేవాళ్ళని తిడతా. నువ్వు కానివ్వు."

ఆమె ఉలీ సుత్తీ తీసుకుని వాగులో దిగింది. నడిమి బండకి రెండు రోజులు గుంట తొలిచింది. మూడో రోజున అందరూ కలిసి సున్నా రాయిని అందులో దింపారు. కూతురు సున్నం కలిపిచ్చింది. మనవరాలు సున్నా గాడిలో వేలు పెట్టి, చుట్టూ తిప్పి తిప్పి, ఎక్కడా ఆగక మళ్ళీ తిప్పింది.

మృగశిర నాటి పొద్దున కొండల మీద మబ్బు నల్లబడింది. వాన ఇక్కడ చుక్క పడలేదు గానీ, మధ్యాహ్నానికి వాగు ఎర్రగా తిరిగి రాయి నడుము దాకా ఎక్కింది. కూతురు అవతలి గట్టునే ఉండిపోయింది. సముద్రం వైపు నుంచి జట్కాలో అధికారి వచ్చాడు, చంకలో పెద్ద పుస్తకంతో.

"ఏమిటిది? మొదలంటే కొస. కొస ఎక్కడన్నా వాగు నడుమ ఉంటుందా?"

ఆమె గోతుల సంగతి చెప్పింది. రొమ్ముల్లోతు చూపించింది. చింతపండూ ఉప్పూ చెప్పింది. ఆయన విన్నాడు.

"కథ బాగానే ఉంది. కానీ పుస్తకంలో గళ్ళున్నాయమ్మా. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎంత పొడవు, ఇప్పుడెలా ఉంది. నడుమ మొదలయ్యే దారిని ఏ గడిలో రాయను?" అని పుస్తకం మూయబోయాడు.

ఆమె గొంతు తగ్గించే అంది. "ఎటూ వాగు దాటలేరు గదా అయ్యా. ఒక్క గడియ ఇక్కడ కూర్చోండి. నన్ను కాదు, దారినే అడుగుదురు."

ఆయన విసుగ్గానే కూర్చున్నాడు.

ఉప్పు బళ్ళు వచ్చాయి. ప్రతి బండీ వాగు ముందు ఆగింది. అవతల చింతపండు బళ్ళు వచ్చాయి, అవీ ఆగాయి. బండివాళ్ళు దిగి, కాడి దించి, ముఖం కడుక్కుని, పంచెలు ఎగ్గట్టారు. పుట్టి కదిలింది. ఉప్పు అటు వెళ్ళింది, చింతపండు ఇటు వచ్చింది. వాటితో పాటు కేకలు.

"ఒరేయ్! మా అక్క నీళ్ళాడిందా?"

"ఆడపిల్ల!"

"ఎవరి పోలిక?"

"ఆ? వినపడ్డంలా!"

"ఎవరి పోలికరా!"

"మీ ఎద్దు కుంటుతోందా?"

అధికారికి నవ్వొచ్చింది. ఇటు అరవై అడుగుల దూరం నడిచి వచ్చినవాడూ, అటు అరవై ఊళ్ళు దాటి వచ్చినవాడూ ఇక్కడ ఒక్కలాగే నిలబడ్డారు, ఒక్కలాగే చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని అవతలికి చూశారు. ఆయన కూడా తనకు తెలియకుండానే చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు.

అవతలి గట్టున ఒక పిల్ల బిడ్డను పైకెత్తి పట్టుకుని ఏదో చెబుతోంది. పెదాలు కదులుతున్నాయి, వాగు రొదలో మాట రావడం లేదు. ఈ పక్క రాళ్ళు పాతే ఆమె తల ఊపుతోంది.

"ఆ అమ్మాయి ఎవరు?"

"నా కూతురయ్యా."

"ఏమంటోంది?"

"తెలియదయ్యా. నాలుగు నెలలూ ఇంతే. అది చెబుతుంది, నేను ఊఁ కొడతాను."

అధికారి పుట్టి తోసే తాతను పిలిచాడు. "ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఎంతుంటుంది?"

"నా తాడు నలభై బారలు దొరా. బిగించి కడితే సరిగ్గా సరిపోతుంది."

ఆయన పుస్తకం ఒళ్ళో తెరిచి, కలం తీసి, ఒక్కో గడీ నింపాడు. రాళ్ళు పాతే ఆమె ఆ గీతల వైపు వంగి చూసింది.

"ఏం రాశారయ్యా? చదివి పెట్టండి."

ఆయన వేలు పెట్టి చదివాడు. "ఎక్కడి నుంచి: ఈ గట్టు. ఎక్కడికి: ఆ గట్టు. పొడవు: నలభై బారలు."

"మరి ఆ అరవై మైళ్ళో?" అన్నాడు ఆమె మొగుడు, కళ్ళు పెద్దవి చేసి.

"అవి దారి దగ్గరికి వచ్చే తోవలు."

ఇంకో గడి మిగిలింది, ఇప్పుడెలా ఉంది అన్నది. ఆయన తల ఎత్తి ఎర్రటి నీళ్ళని ఒకసారి చూసి, వంగి రాసి, ఆమె అడగక ముందే చదివాడు.

"ఇంకా వెయ్యలేదు."

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"ఎడ్లను విప్పు. వంతెన పని ఇక్కడే గదా," అంది.