మూడు బంతులు, ఒక కాటుక చుక్క

మా వంశంలో నా అంత ఊపిరి ఉన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. అందుకే మా నాన్న నా చేతికి సన్నాయి ఇవ్వకుండా డోలు ఇచ్చాడు.

సరే, నా గొప్ప అలా ఉంచండి. మండపేటలో, పూట పూటా సన్నాయి మోగే మా ఇంట్లో, ఏ పని చెప్పినా ముందుగానే "అది నాకు రాదు" అనేసే పదేళ్ల పిల్ల ఒకతి ఉండేది. మా అక్క కూతురు, పేరు కుందన.

ఆ ఏడు వానల్లో కుందనకి న్యుమోనియా వచ్చింది. పది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది. జ్వరం తగ్గింది కానీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరమ్మ ఒక ప్లాస్టిక్ పెట్టె ఇచ్చింది. అందులో మూడు గొట్టాలు, గొట్టానికో బంతి. పైపు నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు లేస్తాయి.

"రోజూ చేయించండి. నెల తర్వాత చూస్తాను. ఊపిరితిత్తులు సరిగా తెరుచుకోకపోతే మళ్లీ చేర్చుకోవాలి," అంది.

కుందన పీల్చింది. ఒక్క బంతి సగం దాకా లేచి పడిపోయింది.

"ఇలా ఇవ్వవే కోడలా," అని పెట్టె లాక్కున్నాను. పైపు కడిగి, సోడా తాగేవాడిలా పెట్టె పైకెత్తి, తల వెనక్కి వాల్చి పీల్చాను. మూడు బంతులూ టకటకా చివరికెళ్లాయి. "చూశావా! వంశం ఊపిరంటే ఇదీ!"

అరుగు మీద సన్నాయి తుడుచుకుంటున్న మా నాన్న తలూపాడు. "ఊపిరి పుట్టుకతో రావాలమ్మా."

అంతే. పెట్టె బియ్యం డబ్బా వెనక్కి పోయింది. "నాకు పుట్టుకతో రాలేదంట కదా, ఇంకెందుకు మావయ్యా?" అని కుందన మంచం దిగడం మానేసింది. వారం తిరిగేసరికి గుమ్మం దాకా నడిచినా రొప్పేది. నాకు వేళాకోళం ఆడబుద్ధి కాలేదు.

ఒక రోజు బియ్యం తీస్తుంటే మా అమ్మకి పెట్టె దొరికింది. సంగతంతా కూపీ లాగింది. తిన్నగా పెరట్లోకి వెళ్లి బొప్పాయి ఆకు కాడ కోసుకొచ్చి, నీళ్ల చెంబుతో సహా మా నాన్న ముందు పెట్టింది.

"ఊపిరి పుట్టుకతో వచ్చిందా మీకు? మా మావగారు మీ చేతికి సన్నాయి ఎప్పుడిచ్చారు? ఆర్నెల్లు ఈ కాడతో చెంబులో బుడగలు ఊదలేదూ? బుగ్గలు నొప్పెట్టి పప్పన్నం కూడా నమల్లేకపోయేవారట!"

"ఆరు కాదే," మా నాన్న గొణిగాడు. "ఎనిమిది."

కుందన మంచం మీద లేచి కూర్చుంది. "తాతయ్యా, నీకూ రాలేదా?"

"ఎక్కడ! మొదటి రోజు నాలుగే బుడగలు. నీళ్లన్నీ ముక్కులోకే."

పిల్ల పకపకా నవ్వింది, ఆపైన దగ్గింది, మళ్లీ నవ్వింది.

ఆ సాయంత్రం నుంచి తాత చెంబుతో, మనవరాలు పెట్టెతో ఎదురెదురుగా కూర్చునేవారు. బంతి ఎంతవరకు లేస్తే గొట్టం మీద అక్కడ మా అమ్మ కాటుక చుక్క పెట్టేది. ఒక్కోరోజు చుక్క గోరంత పైకెక్కేది. ఒక్కోరోజు కిందికి దిగేది. దిగిన రోజు కుందన ఏడ్చేది. "ఏడువు. ఏడ్చాక ఇంకోసారి పీల్చు," అనేది మా అమ్మ.

నెల నిండింది. రెండు బంతులు పూర్తిగా లేచాయి, మూడోది వణుకుతూ ఆగిపోయింది. డాక్టరమ్మ పిల్ల వీపు మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విని, "చేర్చుకోనక్కర్లేదు. ఆడుకోనివ్వండి," అంది. కుందన మాత్రం ఇంటికి రాగానే తాతలా బుడగలు ఊదడానికి బొప్పాయి కాడ అడిగింది.

ఇక మిగిలింది నా సంగతి. ఆ రోజు నేను తల ఎందుకు వాల్చానో తెలుసా? తలతోపాటు పెట్టె కూడా తిరగబడుతుంది, బంతులు వాటంతటవే దొర్లిపోతాయి. నిటారుగా పెట్టి పీలిస్తే నాకు లేచేది ఒకటిన్నర బంతి! డాక్టరమ్మ ఆ మాట అన్న సాయంత్రమే కుందన ముందు ఒప్పుకున్నాను. అది మూతి ముడుచుకుంది. తర్వాత ఆ సగం దగ్గర చుక్క పెట్టి, "రేపు ఇంకాస్త పైకి, మావయ్యా," అంది.

నీతి: పుట్టుకతో రాలేదని కూర్చుంటే ఉన్న బలం కూడా పోతుంది, రోజూ కాస్త సాధన చేస్తే లేని బలం కూడా వస్తుంది.