సముద్రం నడిచిన ఇల్లు

అనగా అనగా, సముద్రానికీ ఉప్పుటేటికీ నడుమ, సన్నని ఇసుక గట్టు మీద ఒక చిన్న ఊరు ఉండేది. దాని పేరు ముత్యాలరేవు. తూర్పున చూస్తే సముద్రం. పడమర చూస్తే ఏరు. ఆ రెండు నీళ్ల మధ్యనే ఊరంతా.

ఆ ఊరికి చాలా దూరాన, మెట్ట సీమలో, భావన్న అనే నేతగాడు ఉండేవాడు. అక్కడ వానలు ముఖం చాటేశాయి. బావులు అడుగంటాయి. బట్ట కొనే నాథుడు లేడు. రేవు ఊళ్లలో పడవలకు తెరచాపలు నేసేవారు కావాలని ఎవరో చెప్పగా విని, భావన్న మగ్గం విప్పి బండిలో వేశాడు. భార్య మాలచ్చినీ, కూతురు చిన్నాలునూ ఎక్కించాడు. ఎడ్లను తూర్పుకు తోలాడు.

ఆ ముగ్గురిలో ఎవరూ అంతకు ముందు సముద్రాన్ని చూడలేదు.

ఆఖరి ఇసుక దిబ్బ ఎక్కేసరికి ఎడ్లు వాటంతటవే ఆగిపోయాయి. ఎదురుగా నేల లేదు. ఆకాశం కిందికి వంగి, నీలంగా కరిగి, ఘోష పెడుతూ తమ కాళ్ల దగ్గరికి వస్తున్నట్టుంది. భావన్న పగ్గాలు వదిలేశాడు. మాలచ్చి తనకు తెలియకుండానే రెండు చేతులూ జోడించింది.

"నాన్నా, ఇదంతా ఎవరిది?" అని అడిగింది చిన్నాలు.

భావన్న పిల్లను భుజం మీదికి ఎత్తుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు.

వాళ్లు కొన్నాళ్లు సత్రంలో తలదాచుకున్నారు. తెరచాపలకు గిరాకీ బాగానే ఉంది. ఇక సొంత ఇల్లు కొనుక్కుందామని భార్యాభర్తలు బయలుదేరారు. భావన్నకు ఒక అలవాటు ఉండేది. తాను బట్ట అమ్మేటప్పుడు ఎక్కడ పోగు తెగి ముడి పడిందో ముందే వేలు పెట్టి చూపించేవాడు. అందుకే ఏ ఇంటికి వెళ్లినా ఒకటే ప్రశ్న వేశాడు.

"అయ్యా, ఈ ఇంట్లో లోపమేమిటి?"

మొదటి ఇల్లు సముద్రానికి ఎదురుగా, తెల్లగా మెరుస్తూ ఉంది. యజమాని పకపకా నవ్వాడు. "లోపమా! గోడలు చూడు, ఏనుగు గుద్దినా కదలవు. తలుపు చూడు, కోట తలుపు. ఈ ఇంటికి వంక పెట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు." మాలచ్చి ఊరికే గోడను గోటితో గీకింది. సున్నం కింద నుంచి ఉప్పు పిండిలా జలజలా రాలింది. ఆమె చెయ్యి దులుపుకుంది.

రెండో ఇల్లు ఏటి ఒడ్డున ఉంది. ఆ యజమాని గొంతు తగ్గించి, "ఇంట్లో ఏ లోపమూ లేదు నాయనా. ఉన్న లోపమల్లా ఇరుగుపొరుగే. ఒక్కడూ మంచివాడు కాడు" అన్నాడు. బయటికి రాగానే ఆ పక్కింటి ఆవిడే చిన్నాలును పిలిచి, దాహంగా ఉన్నావా తల్లీ అంటూ చల్లని నీళ్లిచ్చింది. భావన్న, మాలచ్చి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మూడో ఇల్లు చిన్నది, పాతది. లావాటి తాటి స్తంభాలు, పైన అటక, తూర్పున ఒక తలుపు, దానికి సూటిగా పడమర ఒక తలుపు. ఇంట్లో నరసాయమ్మ అనే ముసలామె వల కుట్టుకుంటోంది.

"అవ్వా, ఈ ఇంట్లో లోపమేమిటి?" అని అడిగాడు భావన్న.

ముసలామె వల పక్కన పెట్టింది. "ఉంది నాయనా. ఈ ఇంటికి సముద్రం వస్తుంది."

మాలచ్చి చిన్నాలును దగ్గరికి లాక్కుంది. "ఇంట్లోకా అవ్వా?"

"ఇంట్లోకే. నా ఎరుకలో రెండుసార్లు వచ్చింది. మా అత్త కాలంలో ఒకసారి వచ్చిందట. గంగమ్మ వచ్చే రోజున రెండు తలుపులూ బార్లా తీసి అటకెక్కి కూర్చోవాలి. తూర్పున వచ్చి పడమర ఏట్లోకి వెళ్లిపోతుంది. తలుపు మూస్తే మాత్రం గోడ మిగలదు."

"మరి ఇల్లెందుకు అమ్ముతున్నావు?" అని అడిగాడు భావన్న.

"మోకాళ్లు సహకరించడం లేదు. అవతలి రేవులో ఉన్న కూతురు తన దగ్గరికి వచ్చెయ్యమంటోంది. నీకంటే ముందు ఇద్దరు వచ్చారు. ఈ మాట చెప్పగానే చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. నిన్నెవరు చెప్పమన్నారంటూ మా అల్లుడు ఒకటే సణుగుడు."

"నిజమే కదా! నిన్నెవరు చెప్పమన్నారవ్వా?"

నరసాయమ్మ చిన్నాలు తల నిమిరింది. "ఇంట్లో పడుకోబోయేది ఈ పిల్ల. నేను దాచిపెట్టి అమ్మితే, అక్కడ గాలి వీచినప్పుడల్లా ఈ పిల్లే నా కళ్ల ముందు మెదులుతుంది."

భావన్న గడప మీద కూర్చుండిపోయాడు. మెత్తగా అడిగాడు. "మాలచ్చీ, ఏం చేద్దాం?"

మాలచ్చి అలల వంక చూసి, ముసలామె వంక చూసి అంది. "ఆ ఇద్దరు యజమానులూ మనకు ఇల్లు మాత్రమే చూపించారు. ఈవిడ సముద్రాన్ని కూడా చూపించింది. కొనేద్దాం."

అలా ఆ ఇల్లు వాళ్లదైంది. నరసాయమ్మ స్తంభాలన్నిటినీ ఒక్కొక్కటిగా తడిమి, పడవెక్కి వెళ్లిపోయింది.

ఆ తెల్లని ఇంటిని వరహాలశెట్టి అనే ఉప్పు వర్తకుడు కొన్నాడు. అతను తలుపుకు ఇనుప అడ్డగడియలు వేయించాడు. ఒకనాడు దారిలో భావన్నను చూసి నవ్వాడు. "ఏమోయ్ భావన్నా, సముద్రం నడిచే దారిలో ఇల్లు కొన్నావట! చేపలకు భోజనం కూడా పెడతావా?"

"వస్తే పెడతాను శెట్టిగారూ" అన్నాడు భావన్న. అందరూ నవ్వారు. భావన్న కూడా నవ్వాడు.

రోజులు గడిచాయి. మెట్టలో పుటుక్కున తెగే నూలు, ఇక్కడి తేమకు మెత్తబడి హాయిగా సాగింది. మగ్గం చప్పుడు అలల చప్పుడులో కలిసిపోయింది. తాను నేసిన తెరచాపలు పొద్దున్నే గాలి నింపుకుని తెల్ల కొంగల్లా సాగిపోతుంటే, భావన్న పని ఆపి చూస్తూ ఉండిపోయేవాడు. ఎన్నిసార్లు చూసినా అతనికి తనివి తీరేది కాదు.

ఒక కార్తీక మాసంలో, మిట్టమధ్యాహ్నం వేళ, ఆకాశం ఇత్తడి రంగుకు తిరిగింది. కాకులు కూడా అరవడం మానేశాయి. పడవలన్నీ గట్టుకు చేరాయి. ఆపైన గాలి లేచింది. అది గాలిలా లేదు. వెయ్యి ఎడ్లు ఒక్కసారిగా రంకె వేసినట్టుంది.

మొదటి అల మెట్ల దాకా వచ్చి వెనక్కి తగ్గింది.

రెండో అల గడప తాకి, నురగ వదిలి వెళ్లింది.

మాలచ్చి చిన్నాలును అటక మీదికి ఎక్కించింది. నూలు, బియ్యం, నేసిన తెరచాపలు పైకి అందించింది. భావన్న పడమటి తలుపు తీశాడు. తూర్పు తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతని చెయ్యి తీయడానికి బదులు గడియను ఇంకా గట్టిగా బిగించింది. తలుపు సందులోంచి అతను చూశాడు. తాటిచెట్టంత ఎత్తున సముద్రం లేచి నిలబడి ఉంది.

"తియ్యి!" అని అరిచింది మాలచ్చి.

"ఎదురుగా అది ఉంటే తలుపెలా తియ్యమంటావే!"

"అవ్వ అబద్ధమే చెప్పేదైతే ఇల్లు అమ్మే రోజున చెప్పేది! తియ్యి!"

భావన్న కళ్లు మూసుకుని గడియ లాగాడు. తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచి, ఒక్క ఉదుటున అటకెక్కాడు.

అప్పుడు సముద్రం ఇంట్లోకి వచ్చింది.

ఏమని చెప్పేది! ఒడ్డున విరిగి నడుము లోతుకు దిగిన ఆ నీరు, తూర్పు గడప దాటి, గదంతా నిండి, పడమటి గడప దాటి ఏట్లోకి నడిచిపోయింది. ఇల్లంతా పచ్చని వెలుగు పరుచుకుంది. గోడల మీద నీటి నీడలు ఆడాయి. వెండి చేపల గుంపొకటి వాళ్ల పొయ్యి పక్కగా మెరుస్తూ సాగిపోయింది. మగ్గం తేలింది. స్తంభాలు గజగజ వణికాయి గానీ నిలబడ్డాయి. నీరు వస్తూనే ఉంది, పోతూనే ఉంది. గుడిలో ఊరేగింపు చూస్తున్నట్టు ముగ్గురూ ఊపిరి బిగబట్టి కిందికి చూశారు. భయం ఎప్పుడు పోయిందో వాళ్లకే తెలియలేదు.

ఇంతలో బయట పెద్ద చప్పుడైంది. ఏనుగు గుద్దినా కదలని గోడలు ఒరిగిపోయాయి. ఇనుప గడియలు వేసిన తలుపు మాత్రం ఊడి నీళ్లలో తేలుతోంది. దాన్ని పట్టుకుని వరహాలశెట్టి, అతని భార్య తూర్పు గుమ్మం వైపు కొట్టుకొస్తున్నారు.

"భావన్నా! భావన్నా!"

భావన్న తెరచాప గుడ్డను తాడులా పేని, ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస విసిరాడు. శెట్టి దాన్ని అందుకున్నాడు. భావన్న, మాలచ్చి కలిసి వాళ్లిద్దరినీ అటక మీదికి లాగారు.

మాలచ్చి పొడి చీర తీసి శెట్టి భార్యకు కప్పింది. ఆఖరికి శెట్టి అడిగాడు. "తలుపులు తీసి ఉంచమని నీకెవరు చెప్పారు?"

"ఇల్లు అమ్మిన అవ్వ."

శెట్టి తల దించుకున్నాడు. "సముద్రం వస్తుందని ఆవిడ నాకూ చెప్పింది భావన్నా. నీకంటే ముందు ఆ ఇల్లు చూసిన ఇద్దరిలో నేనొకణ్ణి. లోపముందన్న ఇంటిని వదిలేసి, లోపం లేదన్నవాడి దగ్గరికి పరుగెత్తాను. నాకు ఆ మాటే తియ్యగా వినిపించింది."

భావన్న ఎత్తిపొడవలేదు. "ముందు ఒళ్లు తుడుచుకోండి, శెట్టిగారూ" అన్నాడు.

పొద్దువాలేసరికి గాలి తగ్గింది. సముద్రం తన చోటికి తాను వెళ్లిపోయింది. ఇంట్లో మోకాలి లోతు ఇసుక మిగిలింది. ఊళ్లో వాళ్లంతా తట్టలు పట్టుకుని ఒకరి ఇంట్లో ఇసుకను ఒకరు ఎత్తిపోసుకున్నారు.

శెట్టి మళ్లీ ఇల్లు కట్టించాడు. ఈసారి తూర్పున ఒక తలుపు, దానికి సూటిగా పడమర ఒక తలుపు పెట్టించాడు. ఆనాటి నుంచి ముత్యాలరేవులో ఎవరు ఇల్లు అమ్మినా, కొనేవాడిని ముందు గడప మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, లోపం చెప్పిన తరువాతనే వెల చెప్పడం ఆచారమైంది. అది విన్నవాళ్లలో కొందరు లేచి వెళ్లిపోయేవారు. ఉండిపోయినవాళ్లు మాత్రం ఆ ఊరివాళ్లైపోయేవారు.

కాబట్టి పిల్లలూ, తమకు నష్టమని తెలిసీ నిజం చెప్పేవారి మాట వినడానికి చేదుగా ఉన్నా, ఆపద వేళ నిలబెట్టేది ఆ మాటే.